అత్తగారు చదవకూడని అధ్యాయం

నోరు తెరుచుకుని పడుకున్నవాళ్లతో మాట్లాడటం నాకు ఇష్టం. వాళ్లు తిరిగి మాట్లాడలేరు. పళ్ల డాక్టరు వృత్తిలో డబ్బు కన్నా పెద్ద సుఖం అదే. ఆ రోజు కుర్చీలో ఉన్న లైబ్రేరియన్‌కి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. నోట్లో దూది, ఉమ్మి లాగే గొట్టం, వాటికి తోడు నా రెండు వేళ్లు ఉన్నా సరే, ఆవిడ మా చెల్లెలి నవలల్ని పొగుడుతూనే ఉంది.

"ఎంహ హున్నిహమో..." అంది. ఎంత సున్నితమో అని. ఏళ్ల తరబడి దూది చాటునుంచి వచ్చే మాటలు విని విని నాకు ఈ భాష వచ్చేసింది.

"కదలకండి. డ్రిల్లు జారిందంటే నేను అంత సున్నితం కాదు," అన్నాను. ఆవిడ కళ్లు పెద్దవి చేసుకుని ఊరుకుంది.

మా చెల్లెలు క్రైమ్ నవలలు రాస్తుంది. ఏడు వచ్చాయి. అన్నిట్లోనూ ఒకే ఇన్‌స్పెక్టరు, నడివయసు ఆడమనిషి. ఎక్కడికి వెళ్లినా ఆవిడ చేతిలో గొడుగు ఉంటుంది. అది వాన కోసం కాదు. శవం చుట్టూ జనం మూగి వింత చూస్తుంటే, గొడుగు విప్పి పోయినవాళ్ల ముఖానికి అడ్డం పెడుతుంది. అందుకని వాటికి గొడుగు నవలలని పేరొచ్చింది. పిల్లల మీద అఘాయిత్యాలు, మొగుళ్ల దెబ్బలు, ముసలివాళ్లని ఆకలితో మాడ్చే కొడుకులు, మా చెల్లెలు ఎంచుకునేవన్నీ ఇలాంటి విషయాలే. కానీ నెత్తుటి చుక్క కనపడనివ్వదు. దెబ్బ పడే చోట తలుపు మూసేస్తుంది, ఏడుపు వచ్చే చోట గొంతు తగ్గిస్తుంది. చదివినవాళ్లు ఎక్కడ కనపడ్డా దాని చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

నాకు ఒళ్లు మండేది. చిన్నప్పుడు నా బొమ్మ విరగ్గొట్టి, నాకంటే ముందు తనే ఏడ్చి, అమ్మ చేత ఓదార్పించుకున్న మనిషి అది. సున్నితత్వం దానికి పుట్టుకతో వచ్చిన ఆయుధం. నాకేమో నోటి దురుసు వచ్చింది. అమ్మ కడుపులో మాకు ఎలా పంచిపెట్టారో గానీ, పంపకం న్యాయంగా జరగలేదు.

దానికి ఒక నియమం ఉంది. ఎవరి గాయం మీద పుస్తకం రాస్తే, అచ్చుకి వెళ్లే ముందు వాళ్లకే మొదట చదవడానికి ఇస్తుంది. కాగితాలతో పాటు ఒక ఎర్ర పెన్సిలు కూడా. వాళ్లు ఏ వాక్యం కొట్టేసినా సరే, కారణం అడగదు. ఈ ఎర్ర పెన్సిలు కథ అది చెప్పని సభ లేదు. లైబ్రేరియన్ కూడా అదే చెప్పబోతోందని తెలిసి ఇంకో దూది ఉండ పెట్టేశాను.

ఆవిడ వెళ్లిపోయి, మధ్యాహ్నం విరామానికి తలుపు వేయబోతుంటే చెల్లెలు వచ్చింది. చంకలో లావుపాటి కవరు. చేతిలో ఎర్ర పెన్సిలు.

పెన్సిలు చూడగానే నాకు అర్థమైంది. నా దగ్గర దానికి పనికొచ్చే గాయం ఒక్కటే ఉంది.

"ఎనిమిదోది అక్కా," అంది, గొంతు తగ్గించి. "ముందు నువ్వు చదవాలి."

"చదవను."

"ఒక్కసారి చూడు. నీకోసమే రాశాను."

"నేనడిగానా? ఊళ్లో ఇంకెవరికీ చావులు లేవా? నా మొగుడే దొరికాడా నీకు?"

"ఎవరూ గుర్తుపట్టరక్కా. అన్నీ మార్చేశాను. బావ ఇందులో లెక్కల మాస్టారు కాదు, వయొలిన్లు బాగుచేసే మనిషి. నువ్వేమో కళ్ల డాక్టరువి."

"పళ్ల నుంచి కళ్లకి ఎంత దూరమే? జానెడు. పాఠకులు ఆ జానెడు దాటలేరనా నీ ధైర్యం?"

అది చిన్నబుచ్చుకుంది. తర్వాత పేషెంటు కుర్చీ అంచున కూర్చుని, గొడుగు పట్టినంత మెత్తగా చెప్పింది. "చివర్లో ఆయన తనంతట తాను పోడు అక్కా. వంతెన మీద ఆయన్ని ఎవరో తోస్తారు. షాపులో భాగస్వామి. ఇన్‌స్పెక్టరు పట్టుకుంటుంది. ఆఖరి పేజీలో ఆ భార్యకి తెలుస్తుంది, ఆయన తనని వదిలి వెళ్లలేదని. అది నీకు ఇవ్వాలనిపించింది."

ఆరేళ్లుగా నేను నమ్మలేక నమ్మలేక నమ్మిన ఒక నిజాన్ని అది పుట్టినరోజు కానుక మార్చినట్టు మార్చి తెచ్చింది. కొట్టాలనిపించింది. కొట్టకుండా కవరు లాక్కున్నాను.

కుర్చీలో నేనే పడుకుని, పైన దీపం వేసుకుని, కాగితాలు తిప్పాను. మొదటి మూడు అధ్యాయాలు బాగానే ఉన్నాయి. ఒప్పుకోవడానికి ప్రాణం పోతోంది గానీ, చాలా బాగున్నాయి. నాలుగో అధ్యాయం మొదటి పేజీలో కరెంటు పోయింది. కళ్ల డాక్టరు పని ఆపేసి మధ్యాహ్నమే ఇంటికి వెళ్లింది. అక్కడ తలుపు మూసేసింది మా చెల్లెలు, దాని అలవాటు ప్రకారం. తర్వాతి పేజీలో ఆస్పత్రి మంచం మీద ఆయన భార్య చెయ్యి పట్టుకుని, "అమ్మకి చెప్పకు" అన్నాడు.

లేచి కూర్చున్నాను.

"ఇది నీకు ఎందుకు చెప్పానే నేను? అంత్యక్రియలైన మర్నాడు, కారులో, ఊపిరాడక చెప్పాను. ఎవరికీ చెప్పనని నా చేతిలో చెయ్యి వేశావు. వేశావా లేదా?"

"పేరు పెట్టలేదు కదక్కా..."

"నోర్ముయ్."

జరిగింది చెబుతాను. ఆరేళ్ల కిందట ఒక ఉదయం మా ఆయన బడికని బయలుదేరి వంతెన దగ్గరికి వెళ్లాడు. తిరిగి రాలేదు. అంతకు ముందు ఏడాది కూడా ఒకసారి అలాంటి ప్రయత్నమే చేశాడు. కరెంటు పోయి నేను తొందరగా ఇంటికి వచ్చాను కాబట్టి అప్పుడు బతికాడు. మా అత్తగారు ఆ వారం వాళ్ల చెల్లెలి ఇంట్లో ఉంది. "అమ్మకి చెప్పకు, తట్టుకోలేదు," అని ఆయన అడిగితే, చెప్పనని మాటిచ్చాను. మంచి డాక్టరుకి చూపించాను. మందులు నా చేత్తో ఇచ్చాను. కొన్ని నెలలు నవ్వాడు కూడా. ఆవిడ తిరిగొచ్చి, కొడుకు చిక్కిపోయాడని, కొందరు సరిగ్గా వండి పెట్టరని సణిగింది. పంటి బిగువున భరించాను.

ఆ 'కొందరు' నేనే. కొడుకు పోయిన దగ్గర్నుంచి ఆవిడ నాతో నేరుగా మాట్లాడలేదు. కింద నా క్లినిక్, పైన ఇల్లు, ఆ ఇంట్లో మేమిద్దరం, మా మధ్య గోడ గడియారం. ఏం చెప్పాలన్నా ఆవిడ గడియారానికే చెబుతుంది. "కొందరికి కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో ఈ జన్మకి తెలీదు." "కొందరు మెట్లు దిగుతుంటే గుర్రాలు దిగినట్టుంటుంది." సాయంత్రం అయ్యేసరికి అసలు మాట వస్తుంది. "నా కొడుకు తనంతట తను పోయే మనిషి కాదు. కొందరి నాలుక వాణ్ణి తోసేసింది." నేనూ గడియారం వైపు తిరిగి నా వంతు అప్పజెప్పేదాన్ని. ఆవిడకి పోవడానికి చోటు లేక కాదు, వాళ్ల చెల్లెలు రమ్మంటూనే ఉంది. తను వెళ్లిపోతే నేను హాయిగా ఉంటానని భయం. చివరికి పన్ను నొప్పి వచ్చినా నా దగ్గరికి రాదు. నా పేషెంట్లందరూ చూస్తుండగా, చెంప చేత్తో పట్టుకుని, వీధి దాటి ఎదురుగా ఉన్న ఇంకో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తుంది.

నా నాలుక తోసిందని ఆవిడ అన్నప్పుడల్లా నాకు కోపం వచ్చేది గానీ నొప్పి పుట్టేది కాదు. అది అబద్ధమని నాకు తెలుసు. ఆయనతో నేను ఒక్క దురుసు మాట ఆడలేదు, ఆయనతో తప్ప అందరితోనూ ఆడాను. కానీ నాలుగో అధ్యాయం ఆవిడ చదివితే నిజం అందుతుంది. అప్పుడు ఇంట్లో ఆవిడవి ఇంకో రెండు కళ్లు ఉన్నాయి. వాటికి తెలిసి ఉంటే ఆ ఉదయం అవి కొడుకు ముఖం చూసి ఏదో పసిగట్టి ఉండేవేమో. నేను ఆ కళ్లకి గంతలు కట్టాను. నా నాలుక కాదు, నా మౌనం చంపిందని ఆవిడ అంటే నా దగ్గర జవాబు లేదు. రోజంతా వాగే మనిషిని, నోరు విప్పాల్సిన ఒక్క చోట మూసుకున్నాను. ఈ మాట ఆవిడ నోట వినడం కంటే నా పళ్లన్నీ నేనే పీక్కోవడం నయం.

ఎర్ర పెన్సిలు తీసుకున్నాను. "నీ నియమం ప్రకారం ఏది కొట్టేసినా కారణం అడగవు. నాలుగో అధ్యాయం మొత్తం కొట్టేస్తున్నాను."

చెల్లెలు పెదవి కొరుక్కుంది. చిన్నప్పుడు బొమ్మ విరిచినప్పుడు పెట్టిన ముఖమే పెట్టింది.

"ఏంటి?"

"నువ్వు కొట్టేస్తే... అత్తయ్యగారిని కూడా అడగాలి కదా."

"ఎవర్ని?"

"ఆవిడ తల్లి అక్కా. ఆవిడదీ గాయమే కదా. నీకు ఒక్కదానికే ఇస్తే ఆవిడకి అన్యాయం చేసినట్టు ఉంటుందని... ఆదివారం నువ్వు బయటికి వెళ్లినప్పుడు ఇంకో ప్రతి ఇచ్చి వచ్చాను. ఆవిడకీ ఒక పెన్సిలు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మా చెల్లెలు అడుసు తొక్కి, ఆ కాళ్లతోనే అందరి ఇళ్లలోకీ వచ్చి పరామర్శిస్తుంది. ఒకే గాయానికి ఇద్దరు హక్కుదారులుంటే, వాళ్లలో ఒకరి దగ్గర ఇంకొకరు దాచినది ఆ గాయంలోనే ఉంటే, ఎర్ర పెన్సిలు ఎవరి చేతిలో పెట్టాలి? ఏడు పుస్తకాలు రాసిన మనిషికి ఈ చిన్న అనుమానం రాలేదు. అంత సున్నితంగా ఉండటంలో మునిగిపోయింది మరి.

"ఆదివారం నుంచి ఆవిడ దగ్గర ఉందా!"

"భూతద్దం పెట్టుకుని వేలితో చదువుతుంది కదా, మెల్లిగా సాగుతుంది. నిన్న ఫోన్ చేస్తే మూడో అధ్యాయంలో ఉన్నానంది."

నేను కోటు విప్పకుండానే మెట్లెక్కాను. గుర్రాలు ఎక్కినట్టే ఎక్కి ఉంటాను. చెల్లెలు వెనకాలే వచ్చింది.

ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ఒళ్లో చదువుతున్న కాగితాలు, పక్కన బల్ల మీద మిగతావి. కట్ట మీద బరువుకి కళ్లజోడు పెట్టె. భూతద్దం కింద కుడిచేతి చూపుడువేలు ఒక్కో మాట మీదా ఆగి ఆగి జరుగుతోంది. చెంప ఒక పక్క వాచి ఉంది. నాలుగు రోజుల నుంచి ఒక వైపే నములుతోందని నేను చూస్తూనే ఉన్నాను. చూసినట్టు కనపడకుండా చూస్తూ ఉన్నాను.

"మూడో అధ్యాయం మంచి పట్టులో ఉంది," అంది గడియారంతో. "కొందరు ఆయాసపడుతూ మీద పడకుండా ఉంటే పూర్తిచేసుకుంటాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకా మూడే. నాలుగోది బల్ల మీది కట్టలో పైన ఉంటుంది. చెల్లెలికి కళ్లతో సైగ చేశాను. ఏడు నవలలు రాసింది, ఏం చెయ్యాలో తెలిసి ఉండాలి. అది ఏం చేసిందంటే, వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని, "ఎలా ఉందండీ అత్తయ్యగారూ?" అని అడిగింది.

"బాగా రాశావమ్మా. ఆ అత్తగారు ఒక్కతే కుదరలేదు. మరీ అంత మంచిదేంటి? కోడలికి పాలు కాచి ఇవ్వడం, తల నిమరడం. నన్ను అంత మంచిదాన్ని చేస్తే ఎవరు నమ్ముతారు? అదంతా కొట్టేశాను."

"అయ్యో, అది మీరు కాదండీ..."

"నేను కాకపోతే ఇంకా కొట్టెయ్యాలి."

ఈలోగా నేను కిటికీ తెర సర్దుతున్నట్టు నటిస్తూ బల్ల దగ్గరికి చేరాను. కళ్లజోడు పెట్టె మెల్లిగా పక్కకి జరిపాను. పై కాగితం మీద 'నాలుగు' అని పెద్ద అంకె. కట్టలోంచి ఆ అధ్యాయం వేళ్లతో పట్టుకుని లాగాను. తేలు కుట్టిన దొంగలా ఊపిరి బిగబట్టి, కోటు జేబులో కుక్కబోయాను.

చేతికర్ర టప్పున బల్ల మీద పడింది. నా వేళ్లకి వెంట్రుకవాసి దూరంలో.

"అక్కడ పెట్టు," అంది అత్తగారు.

గడియారంతో కాదు. నాతో అంది. ఆరేళ్లలో మొదటిసారి ఆవిడ నా కళ్లలోకి చూసింది. నాకు భయమేసింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

"పెట్టి, ఆఖరి అధ్యాయం తియ్యి. కింద ఉంది."

తీశాను. ఆ పేజీల నిండా ఎర్ర గీతలు. భాగస్వామి మాట వచ్చిన ప్రతిచోటా కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేసింది. వాడు వంతెన మీదికి వచ్చే పేరా మీద అడ్డంగా, నిలువుగా, మళ్లీ అడ్డంగా గీసింది.

"డిటెక్టివ్ పుస్తకాలు నేను ముందు ఆఖరి పేజీలు చదువుతాను," అంది. "ఈ వయసులో మొదట్నుంచి మొదలుపెడితే, హంతకుడు దొరికేదాకా ఉంటామో పోతామో. ఆదివారమే చదివేశాను. ఎక్కడో తేడా కొట్టింది. వెనక్కి వెనక్కి వచ్చాను. నాలుగోది కూడా ఆదివారమే చదివాను."

చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేశాను.

"మరి మూడో అధ్యాయంలో ఉన్నానని..." అని చెల్లెలు నసిగింది.

"అబద్ధం చెప్పాను. ఇది ఎప్పుడు దొంగతనానికి వస్తుందా అని నాలుగు రోజుల నుంచి కూర్చున్నాను. ఏమే, వాడు చెప్పొద్దంటే చెప్పకుండా ఉండిపోతావా? నేను తల్లిని కానా?"

వచ్చేసింది. ఆరేళ్లుగా ఏ మాటకి భయపడ్డానో ఆ మాట.

"మాటిచ్చాను అత్తయ్యా," అన్నాను. నా గొంతు నాకే చెల్లెలి గొంతులా వినిపించి అసహ్యమేసింది.

"మాటట, మాట! ఊరందరి మీదా పడి అరిచేదానివి, నా మీద అరవొచ్చుగా? 'నీ కొడుకు ఇలా ఉన్నాడు, నిద్రపోకుండా కాపలా కాయి' అని అరిస్తే నీ సొమ్మేం పోయేది?"

"ఆయన ఏడుస్తూ అడిగాడు! నా చెయ్యి వదల్లేదు! మీరైతే చెప్పేవారా?"

అది కోపంతో అన్న మాట. జవాబు కోసం అడగలేదు. కానీ ఆవిడ నోరు తెరిచి, మూసి, ఎర్ర పెన్సిలు ఒళ్లో పెట్టుకుంది. చెంప మీది వాపు అదిరింది.

"చెప్పలేదు," అంది.

"ఏంటి?"

"నేనూ చెప్పలేదు. వాడికి పంతొమ్మిదేళ్లప్పుడే ఒకసారి ఇలా చెయ్యబోయాడు. వాళ్ల నాన్నకి కూడా తెలీదు. 'ఎవరికీ చెప్పకమ్మా' అన్నాడు. ఇలాగే, చెయ్యి పట్టుకుని. పెళ్లికి ముందు మీ నాన్న అడిగాడు, అబ్బాయి ఆరోగ్యం ఎలా ఉంటుందని. గుండ్రాయిలా ఉంటాడన్నాను."

నా అరుపు నాకే వినపడింది.

"నాకు చెప్పలేదా! నాకు! నేను ఈ ఇంట్లో కళ్లు మూసుకుని తిరిగాను, మొదటిసారి అనుకున్నాను, డాక్టరు అడిగితే ఇంతకు ముందెప్పుడూ లేదని చెప్పాను! మీరు చెప్పి ఉంటే..."

"ఆ! చెప్పి ఉంటే! నాకు తెలీదా ఆ మాట? రోజూ పొద్దున్న లేవగానే నాకు వినపడేది అదే. నువ్వు చంపావు, నువ్వు చంపావు అని నేను గట్టిగా అరుస్తూ ఉంటే, ఇంక నన్నెవరు అడుగుతారు?"

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆరేళ్లుగా మేమిద్దరం ఒకే గదిలో కూర్చుని ఎవరి భుజాలు వాళ్లం తడుముకుంటున్నాం. ఆవిడ చేతికర్రతో, నేను నోటితో. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆవిడ మీదా, నా మీదా, అందరి దగ్గరా మాట తీసుకుని ఎవరికీ దొరక్కుండా పోయిన ఆ మంచి మనిషి మీదా. ఆయన మీద కోపం వచ్చిందని నాకు తెలిసింది కూడా అప్పుడే.

అత్తగారి కాళ్ల దగ్గర నుంచి వెక్కిళ్లు వినపడ్డాయి. మా చెల్లెలు మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తోంది.

"నోర్ముయ్!" అన్నాం అత్తగారూ నేనూ, ఒక్కసారే.

అది ఉలిక్కిపడి ముక్కు తుడుచుకుంది. "నావల్లే ఇదంతా... మీ ఇద్దరికీ మనశ్శాంతి కోసం ఒక హంతకుణ్ణి..."

అత్తగారు ఆఖరి అధ్యాయం తీసుకుని దాని ముందు ఆడించింది. "ఈ భాగస్వామి ఎవడమ్మా మా మధ్యలో? పాపం వాడి మానాన వాడు వయొలిన్లకి తీగలు కట్టుకునేవాడు. హంతకులే కావాలంటే ఇంట్లో మేం ఇద్దరం ఉన్నాం కదా. బయటివాడి మీదికి నెట్టడమెందుకు?"

"మనం కూడా కాదు అత్తయ్యా," అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట. ఆరేళ్లలో నాకు నేను చెప్పుకోలేని మాటని ఆవిడకి చెప్పేశాను.

"నువ్వు చెబితే నేను నమ్మాలా?"

"నమ్మకండి. డాక్టరు చెప్పాడు, అది జబ్బు అని. మనం కాపలా కాస్తే ఇంకొన్నాళ్లు ఉండేవాడేమో, ఉండకపోయేవాడేమో. ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు, మీకూ తెలీదు."

"డాక్టర్లకేం తెలుసు," అంది ఆవిడ. కానీ పెన్సిలు తీసి కాగితాల మీద పెట్టలేదు. చెంప పట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

చెల్లెలు ప్రాణభయంతో అడిగింది. "మరి... హంతకుడు లేకపోతే ఇది క్రైమ్ నవల ఎలా అవుతుంది? ఆఖర్న ఇన్‌స్పెక్టరు ఏం చెయ్యాలి?"

"అది నీ ఖర్మ," అంది అత్తగారు. "నీ గొడుగు నువ్వు పట్టుకుని బయల్దేరు. నాలుగోది మాత్రం అలాగే ఉంచు."

"ఉంచనా అక్కా?" అని నా వైపు చూసింది.

నా జేబులో ఎర్ర పెన్సిలు ఉంది. తీసి దాని చేతిలో పెట్టేశాను. "ఉంచు. నన్ను పళ్ల డాక్టరుగా మార్చు. చావనీ."

ఆ సాయంత్రం అన్నం పెడితే ఆవిడ తినలేదు. ఉప్పు గురించి గడియారానికి ఫిర్యాదు కూడా వెళ్లలేదు. నాకు తిట్లు లేని ఇల్లు అలవాటు లేక సరిగ్గా నిద్రపట్టలేదు.

మర్నాడు ఉదయం లైబ్రేరియన్ రెండో విడతకి వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. పిలుద్దామని తలుపు తీశాను. మెట్ల మీద చేతికర్ర చప్పుడు. మా అత్తగారు ఒక్కో మెట్టూ దిగుతోంది. చెంప బాగా ఉబ్బింది. ఎప్పటిలా వీధి దాటుతుందనుకున్నాను. దాటలేదు. లైబ్రేరియన్ ముందునుంచే నడుచుకుంటూ లోపలికి వచ్చి, నా కుర్చీలో కూర్చుని, చేతికర్ర నా చేతికి ఇచ్చింది.

"ఎడమవైపు, కింద. నొప్పి పుట్టిందో, నీ వేళ్లు కొరికేస్తాను."

"కొరకండి. ఆ పళ్లతో ఏం కొరుకుతారో నేనూ చూస్తాను," అన్నాను.

కుర్చీ వెనక్కి వాల్చాను. దీపం వేశాను. ఆవిడ నోరు తెరిచింది. కింది దవడ పన్ను లోపలంతా పుచ్చిపోయి ఉంది. ఎన్నాళ్ల నుంచి ఈ నొప్పి మోస్తోందో. మత్తు సూది ఇచ్చాను. కొరకలేదు. చిగురు మొద్దుబారిందని వేలితో నొక్కి చూసుకుని, దూది పెట్టాను, గొట్టం పెట్టాను. ఇప్పుడు ఆవిడ తిరిగి మాట్లాడలేదు. కర్రతో కొట్టలేదు. గడియారం పైన ఉంది.

"ఆ రోజు కరెంటు పోయింది అత్తయ్యా," అన్నాను. "కుర్చీలో పేషెంటు ఉంటే పంపించేసి, మెట్లెక్కి పైకి వెళ్లాను..."

తలుపు ఎక్కడా మూయలేదు. నేను మా చెల్లెల్ని కాదు. గదిలో ఏం చూశానో, ఆయన్ని ఎలా లేపానో, అంబులెన్సు వచ్చేదాకా ఆయన చెవిలో ఏం అరిచానో చెప్పాను. ఆస్పత్రిలో కళ్లు తెరిచి మొదట ఎవరి కోసం అడిగాడో చెప్పాను. ఆవిడ కోసమే అడిగాడు. అది ఇన్నాళ్లూ ఆవిడకి చెప్పకుండా నేనొక్కదాన్నే దాచుకున్నాను. ఆవిడ కళ్ల పక్కనుంచి నీళ్లు చెవుల్లోకి పోతున్నాయి. తుడవడానికి నా చేతులు ఖాళీగా లేవు. ఆవిడ చెయ్యి పైకి వచ్చి నా కోటు అంచు పట్టుకుంది.

నొప్పి పుడుతోందేమోనని డ్రిల్లు ఆపాను. మాట కూడా ఆపాను.

దూది చాటునుంచి ఏదో అంది. బయట బెంచీ మీద ఉన్న లైబ్రేరియన్‌కి అది మూలుగులా వినపడి ఉంటుంది. నాకు ఆ భాష వచ్చు.

"ఇంకా చెప్పు," అంది.

చెప్పాను.